రక్త క్యాన్సర్ల పరిశోధనలోకి రావాలనుకునే ఉత్తరాంధ్ర విద్యార్థికి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బైపీసీ, బీఎస్సీ, ఎంబీబీఎస్ చదివే పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: బ్లడ్ క్యాన్సర్ మీద పరిశోధన చేయాలంటే డాక్టరే కావాలా? కానక్కర్లేదు. అయితే రోగి ముఖం చూడని శాస్త్రవేత్త, ల్యాబ్‌లో అడుగుపెట్టని వైద్యుడు ఈ రంగంలో ఎక్కువ దూరం పోలేరు కనుక, ఏ దారిన వచ్చినవారైనా రెండో దారిన వచ్చినవారితో కలిసి పనిచేయడం మొదటి ఏడాది నుంచే అలవాటు చేసుకోవాలి. ఈ రెండు దారుల గురించీ చెబుతాను. వాటికంటే ముఖ్యమని నేను నమ్మేది మరొకటి ఉంది: చికిత్స మొదలుపెట్టిన రోగిని చివరిదాకా లెక్కలో నిలుపుకోవడం. ఈ పని మన జిల్లాల్లో పుట్టిపెరిగినవారికి బయటివారికంటే బాగా చేతనవుతుంది.

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. బ్లడ్ క్యాన్సర్ అనేది ఒక్క జబ్బు కాదు. ఎముక మూలుగలో పుట్టే లుకేమియాలు, లింఫ్ గ్రంథుల్లో పుట్టే లింఫోమాలు, ప్లాస్మా కణాలు అదుపు తప్పితే వచ్చే మైలోమా వేర్వేరు జబ్బులు. వారాల్లో ప్రాణం తీసే అక్యూట్ లుకేమియాకూ, రోజుకొక మాత్రతో ఏళ్ల తరబడి అదుపులో ఉండే క్రానిక్ మైలాయిడ్ లుకేమియాకూ పోలికే లేదు. "క్యాన్సర్‌కు మందు కనిపెడతాను" అని దరఖాస్తులో రాసే విద్యార్థి కంటే, "పిల్లల్లో వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో మెయింటెనెన్స్ దశ (జబ్బు కనపడకుండా పోయాక కూడా మందులు కొనసాగించే కాలం) మధ్యలో ఎందుకు ఆగిపోతోందో తెలుసుకోవాలనుంది" అని రాసే విద్యార్థి మాట గైడ్లు శ్రద్ధగా వింటారు.

చరిత్రను ఎలా చదవాలి

ఈ రంగం చరిత్రను పేర్లు, తేదీల కోసం కాకుండా ప్రశ్నలు ఎలా పుట్టాయో చూడడానికి చదవండి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరి జీవరసాయన శాస్త్రవేత్త అయ్యారు. అంటే నేను పైన చెప్పిన రెండు దారులూ ఆయనలోనే కలిశాయి. బోస్టన్‌లో పిల్లల జబ్బుల మీద పనిచేస్తున్న సిడ్నీ ఫార్బర్, లుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు రకాలు ఇచ్చినప్పుడు జబ్బు తగ్గకపోగా వేగంగా ముదిరింది. ఆ చేదు ఫలితాన్ని ఆయన పక్కన పడేయలేదు. ఫోలిక్ ఆమ్లం జబ్బుకు ఆహారమైతే, దాని పనిని అడ్డుకునే పదార్థం జబ్బును ఆపుతుందేమోనని ఆలోచించారు. అలాంటి పదార్థమైన అమినోప్టెరిన్‌ను లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావు గారి బృందం తయారుచేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గింది, కానీ కొంతకాలమే. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

"కొంతకాలమే" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. ఆ తర్వాతి రెండు మూడు దశాబ్దాల పని అంతా ఆ మాట మీదే సాగింది. ఒక మందు చాలదని గ్రహించి పలు మందులు కలిపారు, మెదడులో దాక్కున్న కణాలకు విడిగా చికిత్స చేర్చారు, జబ్బు కనపడకుండా పోయాక కూడా రెండేళ్లకు పైగా మందులు కొనసాగించాలని తేల్చారు. ఇవాళ సంపన్న దేశాల్లో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో సుమారు 90 శాతం మంది బతుకుతున్నారు. అమినోప్టెరిన్‌కు చెల్లెలి వంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆ మందుల జాబితాలో ఉంది; పిల్లలు దానిని వారానికొకసారి, మెర్కాప్టోప్యూరిన్‌ను రోజూ మింగుతారు.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా కథ ఓపికను నేర్పుతుంది. ఆ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ పొట్టిగా ఉందని నోవెల్, హంగర్‌ఫోర్డ్ 1960లో చూశారు. అది 9వ, 22వ క్రోమోజోమ్‌ల ముక్కలు తారుమారు కావడం వల్ల ఏర్పడిందని జానెట్ రౌలీ 1973లో తేల్చారు. ఆ తారుమారు వల్ల పుట్టిన ప్రోటీన్‌ను ఆపే ఇమాటినిబ్ మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది 2001లో. నలభై ఒక్క ఏళ్లు పట్టింది. మన దగ్గర హైదరాబాద్ కంపెనీ నాట్కో ఆ మందును తక్కువ ధరకు తయారుచేయడం, పేటెంటు తగవు మీద 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు రావడం కూడా ఈ కథలో భాగమే. మందు కనిపెట్టడం ఒక ఎత్తు, అది రోగి చేతికి చేరడం మరొక ఎత్తు.

ఏం చదవాలి

వైద్యం దారిలో వెళ్లేవారు నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన జనరల్ మెడిసిన్‌లో గానీ పిల్లల వైద్యంలో గానీ మూడేళ్ల ఎండీ, దాని మీద క్లినికల్ హెమటాలజీ (రక్త సంబంధ జబ్బుల వైద్యం)లోనో మెడికల్ ఆంకాలజీ (మందులతో చేసే క్యాన్సర్ వైద్యం)లోనో మూడేళ్ల డీఎం. మొత్తం పదకొండున్నరేళ్లు, ప్రవేశ పరీక్షల సన్నద్ధతకు పట్టే కాలం దీనికి అదనం. శ్రీకాకుళంలో అందరూ ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ వైద్య కళాశాల, రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల, విశాఖలో 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల మనకు దగ్గరలో ఉన్నాయి. ఎండీ పెథాలజీ చేసి సూక్ష్మదర్శిని దగ్గరే జీవితం గడిపిన పరిశోధకులూ ఉన్నారు, వారి విలువ ఏమాత్రం తక్కువ కాదు.

విజ్ఞానశాస్త్రం దారిలో బీఎస్సీ తర్వాత ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, బయటో ఎంఎస్సీ చేసి, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ వంటి పరీక్షల్లో ఏదో ఒకదానిలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించి పీహెచ్‌డీలో చేరాలి. హైదరాబాద్ సీసీఎంబీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, నవీ ముంబై ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వారి ఆక్ట్రెక్, వెల్లూరు సీఎంసీ, బెంగళూరు ఐఐఎస్సీ ఆలోచించదగిన చోట్లు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం విడిగా ఇస్తారు. ఇంటికి డబ్బు పంపాల్సిన బాధ్యత ఉన్న పిల్లలు ఈ అంకెను దృష్టిలో ఉంచుకుని ఇంట్లో పెద్దలతో ముందే మాట్లాడుకోవడం మంచిది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివినవారికీ, గణాంకశాస్త్రం చదివినవారికీ కూడా ఈ రంగంలో నిండుగా పని ఉంది.

పీహెచ్‌డీకి ముందే రుచి చూడాలంటే రెండు నెలల అవకాశాలున్నాయి. ఎంబీబీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, బీఎస్సీ, ఎంఎస్సీ వారికి సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్. గైడ్‌కు రాసే ఉత్తరం పది వాక్యాలు మించకూడదు. ఆయన లేదా ఆమె ఇటీవల రాసిన ఒక పేపరు నిజంగా చదివి, అందులో మీకు అర్థం కాని చోటును ఒక ప్రశ్నగా అడగండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి మర్యాదగా మరొకసారి రాయండి. ఒకే ఉత్తరాన్ని యాభైమందికి పంపితే చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది.

స్లైడ్ దగ్గర మొదలుపెట్టండి

ఖరీదైన యంత్రం లేదని దిగులుపడే విద్యార్థికి నేను చెప్పేది ఒకటే: మీ కళాశాల పెథాలజీ విభాగానికి వెళ్లి స్మియర్ (గాజు పలక మీద పరిచిన పలుచని రక్తపు పొర) తీయడం నేర్చుకోండి. శుభ్రమైన గాజు పలక మీద ఒక అంచుకు సెంటీమీటరు ఇవతల చిన్న రక్తపు చుక్క పెట్టి, రెండో పలకను 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆనించి వెనక్కి జరిపితే చుక్క అంచు పొడవునా పాకుతుంది. అప్పుడు ఆగకుండా, అదమకుండా ఒక్క ఊపున ముందుకు లాగాలి. చివర నాలుకలా పలచబడిందా లేదా చూడండి, చదవవలసిన కణాలు ఆ పలుచని భాగానికి కాస్త ఇవతల ఉంటాయి. రక్తహీనత తీవ్రంగా ఉన్న రోగి రక్తం పలచన కాబట్టి వాలు కొంచెం పెంచాలి. వానాకాలం తేమ గాలికి స్మియర్ త్వరగా ఆరకపోతే ఎర్రకణాల్లో లేని మచ్చలు కనిపిస్తాయి, కాబట్టి ఫ్యాను కింద వెంటనే ఆరబెట్టాలి. లీష్మన్ రంగు పోసి రెండు నిమిషాలాగి, దానికి రెట్టింపు బఫర్ నీరు కలిపి ఏడు నుంచి పది నిమిషాలు ఉంచి కడగండి. నూనె చుక్క వేసి వంద కటకం కింద చూసినప్పుడు, పెద్ద కేంద్రకం, సన్నని జల్లెడ లాంటి క్రోమాటిన్, అందులో లేతగా ఒకటి రెండు న్యూక్లియోలస్‌లు, చుట్టూ సన్నని నీలి అంచు ఉన్న కణం కనబడితే అది బ్లాస్ట్, అంటే ఇంకా ఎదగని రక్తకణం. దాని సైటోప్లాజంలో సన్నని ఎర్రని పుల్ల కనబడితే ఔవర్ రాడ్, అంటే మైలాయిడ్ జాతి. నూరు స్లైడ్లు చూసేవరకు మీ కంటిని నమ్మకండి. నూరు చూశాక కూడా పెద్దవారికి చూపించకుండా రిపోర్టు రాయకండి.

నా మొదటి ఏడాదిలో జరిగిన ఒక తప్పు చెబుతాను. ఒక మధ్యాహ్నం పదకొండు స్లైడ్లలో బ్లాస్టులు లెక్కించి, అంకెలను నోటుపుస్తకంలో కాకుండా చేతికందిన చీటీ మీద రాసుకున్నాను. సాయంత్రానికి చీటీ పోయింది. జ్ఞాపకం ఉన్న అంకెలు రాసేస్తే ఎవరూ పట్టుకోలేరని తెలుసు. రెండు రోజులు మళ్లీ కూర్చుని అన్నీ మొదటినుంచి లెక్కించాను. వాటిలో మూడింటిలో నా జ్ఞాపకం తప్పని తేలింది. ఆనాటి నుంచి బైండు పుస్తకంలో, తేదీతో, సిరాతో రాయడం, తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టడం తప్ప మరొక పద్ధతి నాకు తెలియదు.

మన దగ్గరి ప్రశ్నలు

పరిశోధనలో కష్టమైన పని ప్రశ్నను కట్టడం. విదేశీ పేపర్లలో వెతికే ముందు మన ఆసుపత్రి ఓపీ దగ్గర ఒక వారం కూర్చోండి.

జ్వరం, నీరసంతో ఉన్న పిల్లవాడికి ఊళ్లో ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ సూది వేస్తాడు. జ్వరం దిగుతుంది, పిల్లవాడు లేచి ఆడుకుంటాడు. జబ్బు లింఫోబ్లాస్టిక్ లుకేమియా అయితే ఆ స్టెరాయిడ్‌కు బ్లాస్టులు కొన్ని రోజులు తగ్గి, పెద్దాసుపత్రిలో తీసిన స్మియర్ అయోమయంగా ఉంటుంది, నిర్ధారణ ఆలస్యమవుతుంది. వచ్చిన ప్రతి పిల్లవాడి విషయంలో ముందు ఏ సూదులు పడ్డాయో చీటీలతో సహా అడిగి రాయడమే ఒక మంచి అధ్యయనం. అలాగే మెడ మీద గడ్డలు, సాయంత్రపు జ్వరం ఉన్నవారికి గడ్డ ముక్క తీసి పరీక్షించకుండానే టీబీ మందులు మొదలుపెడితే, అది లింఫోమా అయిన సందర్భంలో విలువైన నెలలు పోతాయి.

మూడోది ఉద్దానం ప్రశ్న. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. అక్కడ అరవై ఏళ్ల రైతుకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చెప్పే అంకె) పెరిగిందంటే ఉద్దానం జబ్బేనని వెంటనే అనిపించడం సహజం. కానీ నడుము నొప్పి, రక్తహీనత, క్రియాటినిన్ పెరగడం మూడూ కలిసి వస్తే మైలోమా గుర్తుకు రావాలి. మైలోమా ప్రోటీన్లు కిడ్నీని దెబ్బతీస్తాయి, నడుము నొప్పికి మింగే నొప్పి మాత్రలు దానిని ఇంకా పాడుచేస్తాయి. అలాంటి లక్షణాలున్నవారికి, రక్తంలో ఆ ప్రోటీన్లను పట్టే సీరమ్ ప్రోటీన్ ఎలక్ట్రోఫోరిసిస్, ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు చేస్తే ఎందరిలో మైలోమా బయటపడుతుంది? ఈ ప్రశ్న వేయడానికి ఉద్దానాన్ని ఎరిగిన మనిషి కావాలి.

స్థానికమైన ఇబ్బంది ఎంత పెద్ద ప్రశ్న కాగలదో వెల్లూరు సీఎంసీ చూపించింది. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియాకు పశ్చిమ దేశాల్లో ఇచ్చే చికిత్స ఖరీదు మన రోగులు భరించలేరు. అక్కడి వైద్యులు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ఒక్కదానితోనే చికిత్స చేసి చూశారు. 72 మంది రోగుల ఫలితాలు 2006లో ప్రచురించారు. 86 శాతం మందిలో జబ్బు పూర్తిగా తగ్గింది. పేదరికం వల్ల పుట్టిన ప్రశ్నకు వచ్చిన జవాబును ప్రపంచమంతా చదివింది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన కార్-టీ కణ చికిత్స (రోగి రోగనిరోధక కణాలనే మార్చి తిరిగి ఎక్కించేది) నెక్స్‌కార్19 కూడా విదేశీ ధర మనకు అందదన్న గుర్తింపు నుంచే వచ్చింది. దానికి 2023 అక్టోబరులో అనుమతి లభించింది.

అనుమతి తీసుకోవడం

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క చుక్క రక్తం కూడా పరిశోధనకు వాడకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలను మొదటి నెలలోనే చదవండి. రోగుల మీద చికిత్సా ప్రయోగమైతే మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి.

ఇక సమ్మతి పత్రం. పత్రికా భాషలో రాసిన పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు. ఒక తండ్రి నన్ను "తీసిన రగతం ఏటి సేస్తారు బాబూ, అమ్ముకుంటారా?" అని అడిగాడు. ఆయన అడగడం ఎంతో న్యాయం. నేను కుర్చీ దగ్గరకు లాక్కుని, "లేదు మావయ్యా, వైద్యానికి ఎలాగూ తీసే మూలుగలోంచి అర చెంచా మేము పరీక్షకు ఉంచుకుంటాం, ఇవ్వనన్నా బాబు వైద్యం ఆగదు, రేపు వద్దనుకున్నా ఆపేస్తాం" అన్నాను. ఆయన విన్నాక, మళ్లీ తన మాటల్లో నాకు చెప్పమన్నాను. "అర సెంచా. వద్దంటే మానేస్తారు" అన్నాడు. అప్పుడే పత్రం ముందు పెట్టాను. అవతలి మనిషి తిరిగి చెప్పలేకపోతే అర్థం కానట్టే, మళ్లీ మొదలుపెట్టాలి.

లెక్క తప్పే చోటు

క్యాన్సర్ ఫలితాలను, అంటే కాలం గడిచేకొద్దీ ఎందరు బతికున్నారో, కప్లాన్-మేయర్ అనే గణాంక పద్ధతిలో గీత గీసి చూపిస్తారు. మధ్యలో రావడం మానేసిన రోగిని ఆ తేదీ వరకే లెక్కించి వదిలేస్తారు. వదిలేసిన రోగి గతి, వస్తున్న రోగుల గతి ఒకేలా ఉంటుందని ఆ పద్ధతి అనుకుంటుంది. మన జిల్లాల్లో ఆ అనుకోలు తరచుగా తప్పు. పదిమంది పిల్లలున్నారనుకుందాం. ఆరుగురు బతికున్నారు, ఇద్దరు ఆసుపత్రిలో పోయారు, ఇద్దరు రావడం మానేశారు. తెలిసిన ఎనిమిదిమందినే లెక్కిస్తే 75 శాతం బతికినట్టు. మానేసిన ఇద్దరూ ఇంటి దగ్గర పోయి ఉంటే 60 శాతమే. ఆ తేడా ఏ మందు లోపమూ కాదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న దారి, పోయిన కూలి రోజులు, ఇంటి దగ్గర మిగిలిన చిన్నపిల్లలు. చికిత్స ఖర్చును ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) చూసుకున్నా బస్సు ఖర్చు, వెంట వచ్చినవారి తిండి, బస ఎవరు చూస్తారు?

అందుకే మీ అధ్యయనంలో రోగిని చేర్చుకున్న రోజునే కొన్ని సంగతులు రాసుకోండి. మూడు ఫోన్ నంబర్లు, అందులో ఒకటి ఆ ఇంట్లో ఉండని బంధువుది. ఊరితో పాటు వీధి, దగ్గరి గుడి. ఆశా కార్యకర్త పేరు. కుటుంబం వలస వెళ్తుందా, వెళ్తే ఎక్కడికి, ఏ నెలల్లో. మత్స్యకారులైతే గుజరాత్ వెరావల్‌లో ఎన్ని నెలలుంటారు. సరిహద్దు మండలాలవారు బరంపురం వెళ్లి చూపించుకుంటారు కాబట్టి, విశాఖకు రానంత మాత్రాన వైద్యం మానేసినట్టు రాయకండి, అడగండి. నాట్ల కాలంలోనూ, జీడి పిక్కల కాలంలోనూ, విజయనగరంలో పైడితల్లి సిరిమాను జరిగే మంగళవారంనాడూ అపాయింట్‌మెంట్ ఇస్తే ఎందరు రాగలరో ముందే ఆలోచించండి. ఫోన్ నంబర్లున్న పుస్తకాన్ని తాళంలో ఉంచి, లెక్కల పట్టికలో కోడ్ నంబర్లే వాడాలి.

ఇలా వెతికే పనిని చిన్నపనిగా చూసే ల్యాబులున్నాయి. నేనైతే ఒక అధ్యయనం నాణ్యతను చూడాలంటే మొదట దాని జన్యు పరీక్షల జాబితా చూడను, ఎందరు రోగుల ఆచూకీ తెలియదని రాశారో ఆ అంకె చూస్తాను. జన్యువుల సంగతి కూడా చివరికి ఇక్కడికే వస్తుంది. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో మన దేశంలో కనిపించే ఒక మార్పు ఉన్న పిల్లలకు మెర్కాప్టోప్యూరిన్ మామూలు మోతాదు కూడా ఎక్కువై తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం వస్తే ఆ తల్లి మళ్లీ ఆ మాత్ర వేయడానికి భయపడుతుంది, వారాల తరబడి మానేస్తుంది. ఆమె మానేసిన కారణం అడిగి రాసుకున్న పరిశోధకుడికే ఆ పిల్లవాడి జన్యువును పరీక్షించాలని తోస్తుంది.

అధ్యయనం ముగిసి పేపరు అచ్చయ్యాక ఒక పని మిగిలి ఉంటుంది. ఏం చూశారో, ఏం తేలిందో తెలుగులో ఒక పేజీ రాసి, పేర్లేమీ లేకుండా, పాల్గొన్న కుటుంబాలకూ ఆ ఊళ్ల ఆశా కార్యకర్తలకూ పంపండి. పిల్లవాడు పోయిన ఇంటికి కాగితం పంపకండి. ముందు ఫోను చేసి, వినాలని ఉందో లేదో అడిగి, రమ్మంటే మీరే వెళ్లండి.